సెర్చ్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేయకండి

ల్యాప్‌టాప్ ఆగిపోయిందని మొబైల్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతికి, మొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేయకండి. ముంబైలో కామాటిపుర గల్లీల్లో, వర్లీ బీడీడీ చాళ్లలో ఉన్న ప్రతి తెలుగు ఇంటికీ ఈ మాట ఇవాళే చేరాలి. సెర్చ్‌లో పైన వచ్చేది కంపెనీ నంబరే కానక్కర్లేదు. డబ్బు కట్టి ప్రకటనగా పైకి తెచ్చుకున్న దొంగ నంబరూ కావచ్చు. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడతాడు, ఫిర్యాదు నంబరు కూడా ఇస్తాడు. ఆపైన ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, అందులో కనిపించే అంకెలు చదవమంటాడు, వచ్చిన ప్రతిదానికీ ‘అలౌ’ నొక్కమంటాడు. నొక్కారంటే మీ తెర అతని ముందున్నట్టే. తర్వాత ‘రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు పంపండి’ అంటాడు. ఆ పది రూపాయలు అతనికి అక్కర్లేదు. మీరు కొట్టే పిన్నూ, మీకొచ్చే ఓటీపీ కూడా అతను చూడాలి, అందుకే ఆ అడగడం.

యాప్‌లో తప్పు లేదు, అసలు సపోర్టు వాళ్లూ అలాంటివి వాడతారు. తప్పంతా అవతల ఎవరున్నారో తెలియకుండా లోపలికి రానివ్వడంలో ఉంది. రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే ఈ పద్ధతి గురించి బ్యాంకులను హెచ్చరించింది. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర–2’ కింద 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సపోర్టు మనుషులమని చెప్పుకుని విదేశీయులను దోచిన కాల్ సెంటర్ల కేసులు అందులో ఉన్నాయి.

ఇంకో రకం ఉంది. ఏదో పేజీ తెరవగానే తెరంతా ఎర్రబడి, సైరన్ మోగి, ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని వస్తుంది. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, తెరుచుకునే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. కుదరకపోతే పవర్ బటన్ ఆఫ్ అయ్యేదాకా నొక్కి పట్టుకోండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

కామాటిపుర పేరే తెలంగాణ నుంచి వచ్చి ఈ నగరాన్ని కట్టిన కామాటీలది. వాళ్ల తర్వాత మిల్లుల్లో పనికి మన పద్మశాలీలు వచ్చారు. ఆ కుటుంబాల పిల్లలు ఇవాళ ఒకే ఖోలీలో, ఒకే ల్యాప్‌టాప్ మీద చదువుకుంటున్నారు. కూతురి ప్రాజెక్టు, తండ్రి లెక్కలు, ఊళ్లో పొలం కాగితాల స్కాన్లు, అన్నీ దాంట్లోనే. అది ఆగితే ఇల్లంతా కంగారు పడుతుంది. దొంగలు బతికేది ఆ కంగారు మీదే.

కాబట్టి ఎవరికైనా ఫోన్ చేసే ముందు ఒక అరగంట మీరే చూసుకోండి. చార్జర్ పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ చార్జర్ పెట్టి చూడండి. ఫ్రిజ్, మిక్సీ వేలాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడ సాకెట్టుకు పెట్టండి. పాత చాళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా, వెనక ఎర్తింగ్ తీగ లేకపోవడం మామూలే. సీపీయూ డబ్బా మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా? అది చాలాసార్లు కంప్యూటర్ జబ్బు కాదు, ఇంటి వైరింగ్ జబ్బు. ఏ సపోర్టు సెంటరూ దాన్ని ఫోన్లో బాగుచేయలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. అప్పటిదాకా దాన్ని వాడకండి, పిల్లల్ని తాకనివ్వకండి.

బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే అక్కడితో ఆపేయండి. చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. పోట్‌మాళాలో, అంటే అటక మీద, పాత బట్టల మధ్య దాచడం అన్నిటికన్నా ప్రమాదం, లిథియం బ్యాటరీ అంటుకుంటే ఒక్క గది ఇంట్లో పారిపోయే దారి కూడా ఉండదు. వానాకాలంలో కప్పు కారి తడిసిన ల్యాప్‌టాప్‌ను ‘పనిచేస్తుందేమో’ అని ఆన్ చేయకండి. హార్డ్ డిస్క్ టక్కుటక్కుమంటుంటే పదేపదే రీస్టార్ట్ చేయొద్దు, లోపలున్నది ఇంకా పాడవుతుంది.

ఇక కంపెనీకి ఫోన్ చేయాల్సి వస్తే నంబరు బిల్లు మీద, వారంటీ కార్డు మీద, లేదా మీరే టైపు చేసి తెరిచిన కంపెనీ సైట్‌లో చూడండి. మోడల్ పేరు, అడుగున స్టిక్కర్ మీది సీరియల్ నంబరు, కొన్న తేదీ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. సమస్య ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం మారింది, ఏ లైటు వెలుగుతోంది, ఎన్ని బీప్‌లు వచ్చాయి, ఇవీ రాయండి. నీలం తెర వస్తే కోడ్‌తో సహా ఫోటో తీయండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు, మాట్లాడిన వేళ అదే కాగితం మీద ఉండాలి. వారంటీ ఉండి కూడా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

రిపేరు దుకాణాలున్న లామింగ్టన్ రోడ్డు కామాటిపుర నుంచి నడిచివెళ్లే దూరం. మంచి పనివాళ్లున్నారు అక్కడ. అయినా ఇచ్చే ముందు ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని రసీదులో రాయించుకోండి. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు దానంతట అదే తాళం పడి ఉంటుంది. మదర్‌బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కొన్న రోజు దుకాణంలో వేరే ఎవరి మెయిల్‌తోనో ఖాతా తెరిచి ఇచ్చారేమో ఇప్పుడే చూసుకోండి, ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ముందు ఇంటర్నెట్ ఆపి, వెంటనే మరో ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి. ఆపైన బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. పోయిన డబ్బు నిమిషాల్లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోతుంది, అందుకే రేపటిదాకా ఆగడానికి లేదు. ఆ ‘అలౌ’ బటన్ నొక్కింది పిల్లలే కావచ్చు. తిడతారన్న భయంతో రాత్రంతా దాచి, తెల్లారి చెబుతారు. ఇవాళ రాత్రి భోజనాల దగ్గరే వాళ్లకు చెప్పండి: ఏం జరిగినా తిట్టం, అప్పటికప్పుడు చెప్పు, 1930కు కలిసి ఫోన్ చేద్దాం.