నాయన పెట్టిన చెట్టు, నువ్వుగింజంత పురుగు



మా నాయన డర్బన్‌లో ఇల్లు కొన్న ఏడాది పెరట్లో ఒక అవొకాడో గింజ పాతారు. నాకప్పుడు ఆరేళ్లు. ఆ చెట్టు కాయలు మా వీధి వాళ్లందరూ తిన్నారు. పోయిన జనవరిలో దాని మాను మీద పంచదార పొడి చల్లినట్టు తెల్లని మచ్చలు కనిపించాయి. తుడిచి చూస్తే కింద చిన్న రంధ్రం, పెన్ను మొనంత.

ఇది షాట్ హోల్ బోరర్ అనే పురుగు పని. దాదాపు 2 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే నువ్వుగింజంత. ఆసియా నుంచి వచ్చింది. 2017లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ బొటానికల్ గార్డెన్‌లో ప్లేన్ చెట్లలో దీన్ని గుర్తించారు. మన అవ్వలు నూనె తీసిన ఆముదం చెట్టునూ ఇది వదలదు.

ఈ పురుగు చెక్కను తినదు. చెట్టులో సొరంగం తొలిచి, అందులో ఒక బూజును పెంచుతుంది, మనం పంట వేసినట్టే. తల్లీ పిల్లలూ ఆ బూజునే తింటాయి. బూజు వల్ల చెట్టులో నీళ్లు ఎక్కే దారులు మూసుకుపోతాయి. కొమ్మలు ఎండిపోతాయి. పురుగు లోపల ఉంటుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి సరిగా అందదు.

మా చెట్టు సగం ఎండింది. కొట్టించక తప్పలేదు. ఆ రోజే మా అన్న ఫోన్ చేశారు.

"చెల్లీ, ఆ కట్టెలు గుడికి పంపు. పండగ వంటకు పనికొస్తాయి."

"వద్దన్నా. కొట్టిన కట్టెలో కూడా పురుగు బతికే ఉంటుంది. గుడి చుట్టూ ఉన్న చెట్లకు పాకుతుంది."

"నాయన పెట్టిన చెట్టు. గుడికి ఇవ్వనంటావా?"

రెండు వారాలు మాతో మాట్లాడలేదు. నాకు చాలా బాధ అయింది. కానీ కట్టె పంపలేదు.

మీ ఇంట్లో ఇలా అయితే ఏం చేయాలి?

ఒకటి: కట్టెలు ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. పురుగు దూరాలు వెళ్లేది ఎక్కువగా మనిషి మోసే కట్టెతోనే.

రెండు: కొమ్మలను మెషిన్‌లో 2.5 సెంటీమీటర్ల కన్నా చిన్న ముక్కలు చేయించండి. వాటిని ఎండలో ప్లాస్టిక్ పట్టా కింద గట్టిగా మూసి, కొన్ని వారాలు ఉంచండి. ఆ వేడికి పురుగు చస్తుంది.

మూడు: లావు దుంగలను ఎక్కడ వేయాలో ముందు మీ మునిసిపాలిటీని అడగండి. తీసుకెళ్లేటప్పుడు లారీ మీద పట్టా కప్పించండి.

నాలుగు: రంపం, కత్తి శుభ్రం చేశాకే ఇంకో చెట్టు మీద వాడండి.

తర్వాతి ఆదివారం అన్న వచ్చారు. రంధ్రాలున్న ముక్క ఒకటి చేతికిచ్చాను. చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. పట్టా అంచుల మీద రాళ్లు పెట్టడానికి వంగారు. ఇద్దరం కలిసి పెట్టాం.

ఈ నెల మాటలు
మాను: చెట్టు కింది లావు భాగం
దుంగ: నరికిన లావు కట్టె
బూజు: పాత రొట్టె మీద పెరిగేది
సొరంగం: లోపలికి తవ్విన దారి

ఇంటి పని: మీ పెద్దవాళ్లు నాటిన చెట్టు గురించి ఐదు వాక్యాలు తెలుగులో రాయండి. రాసే ముందు బయటికి వెళ్లి, దాని మాను ఒకసారి బాగా చూడండి.