తార్ ఒక కమ్రాకి, హక్ ఇంటిల్లిపాదికి

నేను చూసిన చాలా ఇళ్లలో ఇంటర్నెట్ తార్ సీదా బేటా కమ్రాలోకే పోతుంది. బిల్లు మాత్రం ఘర్ ఖర్చులోంచి. ఆపా చదువుకోవాలంటే భాయీజాన్ ఇజాజత్ కావాలి. ఇదేం ఇన్సాఫ్?

కొత్త కనెక్షన్ అక్కర్లేదు, ఒక వైర్‌లెస్ రౌటర్ చాలు. కంప్యూటర్‌కి పెట్టిన తార్ తీసి రౌటర్ వాన్ పోర్టులో పెట్టండి. డబ్బా అడుగున రాసున్న అడ్రస్ (ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1) బ్రౌజర్లో తెరవండి. కనెక్షన్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే పీపీపీఓఈ ఎంచుకుని నింపండి. అయినా రాకపోతే లైను పాత కంప్యూటర్ మాక్ అడ్రస్‌కి కట్టేసి ఉండొచ్చు. రౌటర్లో అదే అడ్రస్ క్లోన్ చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, వైఫైకి డబ్ల్యూపీఏ2 తాళం వేయండి.

అసలు మాట జగా గురించి. మందపాటి దీవార్లు సిగ్నల్‌ని తినేస్తాయి. అందుకే రౌటర్‌ని ఇంటి నడుమ, దాలాన్‌లో, కాస్త ఎత్తున పెట్టండి. పాస్‌వర్డ్ అమ్మీకీ చెప్పండి, ఆపాకీ చెప్పండి.

ఆడపిల్ల బిగడ్ జాతీ అని ఫికరా? తలుపేసుకున్న బేటా మీద లేని ఆ ఫికర్, దాలాన్‌లో అందరి ముందు చదువుకునే బేటీ మీదెందుకు?