లెక్కకు రాని ద్వేషం

ద్వేష నేరాలను అరికట్టడం గురించి చర్చ వచ్చినప్పుడల్లా మాకు న్యూజీలాండ్ గుర్తుకు వస్తుంది. 2019 మార్చి 15 శుక్రవారం నాడు అక్కడి క్రైస్ట్‌చర్చ్ నగరంలో జుమా నమాజుకు చేరినవారిపై ఒక ముష్కరుడు కాల్పులు జరిపాడు. రెండు మస్జిదులలో కలిపి 51 మంది షహీదులయ్యారు. వారిలో మన హైదరాబాదు, కరీంనగర్ బిడ్డలు కూడా ఉన్నారు. 2020 ఆగస్టులో హంతకుడికి పెరోలు లేని యావజ్జీవ శిక్ష పడింది. ఆ దేశంలో అలాంటి శిక్ష అదే మొదటిది. అతని పేరు తన నోట పలకనని నాటి ప్రధాని జసిందా ఆర్డెర్న్ అన్నారు. మేమూ రాయము.

శిక్ష పడింది కదా, ఇంకా చర్చ దేనికని కొందరు అడగవచ్చు. 2020 డిసెంబరులో వెలువడిన రాయల్ కమిషన్ నివేదికను చూస్తే దేనికో తెలుస్తుంది. గూఢచారి శాఖలు తమ దృష్టిని ముస్లిం తీవ్రవాదం మీదే కేంద్రీకరించడం సరికాదని కమిషన్ తేల్చింది. అంటే కాపలావాడు దొంగ వచ్చే దారి విడిచి ఇంటివాళ్ళనే కనిపెట్టుకుని కూర్చున్నాడన్నమాట! పెరుగుతున్న ద్వేషం గురించి అక్కడి ఇస్లామిక్ మహిళా మండలి దాడికి ముందే అధికారులకు పలుమార్లు మొరపెట్టుకుంది. నిఘా సరిగా ఉన్నా ఈ కుట్ర బయటపడి ఉండేదని చెప్పలేమని కూడా కమిషన్ అన్నది. ఆ మాటను దాచడం న్యాయం కాదు. అయితే తుపాకీ లైసెన్సు ఇవ్వడంలో పోలీసులు విఫలమయ్యారని, ద్వేష నేరాలను విడిగా నమోదు చేసే పద్ధతి వారి వద్ద సరిగా లేదని ఎత్తిచూపింది.

పూర్వం ద్వేష సంఘమంటే ఒక కార్యాలయం, జెండా, చందా పుస్తకం ఉండేవి. ఇతడు ఒంటరిగా పథకం వేశాడు, పాఠాలు ఇంటర్నెట్‌లో నేర్చుకున్నాడు. హత్యాకాండను ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. తొలి 24 గంటల్లోనే 15 లక్షల నకళ్ళను తొలగించామని ఆ సంస్థ చెప్పింది. అయినా విషం ఆగలేదు. అమెరికాలో 2019లో ఎల్‌పాసోలో 23 మందిని, 2022లో బఫెలోలో 10 మంది నల్లజాతివారిని పొట్టనబెట్టుకున్నవారు ఇతణ్ణే మెచ్చుకుంటూ రాసుకున్నారు.

న్యూజీలాండ్ పార్లమెంటు నెల తిరగకముందే సైనిక తరహా తుపాకులను నిషేధించింది. ఓట్లు 119కి ఒకటి. కాని ద్వేష ప్రసంగాల చట్టం దగ్గర కాలు సాగలేదు. జాతి, వర్ణాల పేరిట రెచ్చగొట్టడం అక్కడ నేరం, మతం ఊసు మాత్రం లేదు. దాన్ని చేర్చాలన్న ప్రతిపాదనను 2023లో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

మన దేశంలో మతవైరం రెచ్చగొట్టడం ఎప్పటినుంచో నేరమే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మూకహత్యకు ప్రత్యేక శిక్ష కూడా ఉంది. ఐదుగురు లేక అంతకు మించినవారు జాతి, కులం, సముదాయం, భాష, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో హత్య చేస్తే మరణశిక్ష వరకు విధించవచ్చు. ఈ జాబితాలోనూ ‘మతం’ అన్న మాట విడిగా లేదు! మూకదాడుల మృతుల లెక్కను నేర గణాంకాల సంస్థ విడిగా ఉంచడం లేదని 2021లో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. లెక్కలేని రోగానికి ఏ హకీము మందు ఇవ్వగలడు?

అందుకే దాడి జరిగినప్పుడు, కొట్టినవారు ఏమని తిడుతూ కొట్టారో ఆ మాటలను ఉన్నదున్నట్టు ఫిర్యాదులో రాయించాలి. చూసినవారు సాక్ష్యం దాచడం షరీఅత్‌లో పాపం. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తమ జిల్లాలో ఆ అధికారి ఎవరో మస్జిద్ కమిటీలు ఎస్పీ కార్యాలయానికి వెళ్ళి రాతపూర్వకంగా అడగాలి.