రాయి సంగతి సరే, నీటి లెక్క చూపండి

గనుల పక్క ఊళ్లలో బోరు నీళ్లు పాడయ్యాయని రైతులు అర్జీ పెడితే, అధికారుల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇక్కడి రాళ్లలోనే ఆ ఖనిజం ఉంది కాబట్టి నీళ్లలో కనిపించడం సహజమేనట.

ఈ మాటలో సగం నిజముంది. దాన్ని మేము కాదనం. అప్పటి నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్లే మనుషుల ఎముకలు వంకర్లు పోతున్నాయని 1937లోనే తేల్చారు. నల్లగొండ పల్లెలు తరతరాలుగా అదే బాధ పడ్డాయి. అక్కడ కారణం గనులు కాదు. రాతిలోని ఫ్లోరైడే నీళ్లలోకి దిగింది.

మిగతా సగం నిజం కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో కనిపిస్తుంది. 2006లో అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. 2012లో యురేనియం ఉత్పత్తి మొదలైంది. ఖనిజం ఉన్నది సున్నపురాతి పొరల్లో. భూమి లోపల గట్టి బండగా ఉన్నంతకాలం అందులోది నీళ్లలోకి దిగడం బహు నెమ్మది. బయటికి తీసి, పిండి చేసి, సోడాతో వేడిమీద ఉడికిస్తే యురేనియం కరిగి వస్తుంది. ఇక్కడి మిల్లు పని అదే. టన్ను రాయిలో అర కిలో యురేనియం కూడా ఉండదు. అంటే తవ్విన రాయి దాదాపు అంతా బురదగా మారి, కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. రాయిలోని రేడియం చాలావరకు ఆ బురదలోనే మిగులుతుంది. వాడిన సోడాలో కొంత కూడా దానితోనే పోతుంది.

చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా చెబుతున్నది ఏమిటి? అరటి ఆకులు మాడుతున్నాయి, గెల సరిగా దిగడం లేదు, నేల మీద తెల్లగా ఉప్పు తేలుతోంది, తడి ఆరితే మట్టి రాయిలా బిగుసుకుంటోంది. ఇది కారు చౌడు లక్షణమని సేద్యం చేసే ఎవరికైనా తెలుసు. నీళ్లలో సోడియం పెరిగితే నేల అలాగే అవుతుంది. పాండ్ అడుగున పొర సరిగా వేయలేదన్న విషయమై రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో షోకాజ్ నోటీసు ఇచ్చింది. తమ పాండ్ నుంచి నీళ్లు ఊరడం లేదన్నది సంస్థ వాదన.

ఎవరి మాట నిజమో తేల్చాల్సింది నీటి లెక్క. చిక్కంతా అక్కడే ఉంది. గని రాకముందు తన బోరులో ఏముందో చూపే కాగితం రైతు దగ్గర ఉండదు. పరీక్షలు చేయించేది, ఫలితాలు దాచుకునేది గని నడిపేవాళ్లే. నష్టపోయినవాడే రుజువు తేవాలంటే, తాళం వాళ్ల దగ్గర పెట్టుకుని పెట్టె మనల్ని తెరవమన్నట్టుంది.

ఆర్‌ఓ ప్లాంటు పెట్టిస్తామంటారు. తాగే నీటికి అది అవసరమే, వద్దనం. యురేనియం కాచినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ముందు దెబ్బతినేవి మూత్రపిండాలు. లీటరు నీటికి 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ బిందెకు ఫిల్టరు పెడతారు సరే, నాలుగెకరాల చీనీ తోటకు ఏ ఫిల్టరు పెడతారు? పశువుల తొట్టికి ఏం పెడతారు?

అందుకే మా డిమాండ్లు ఇవి. గనికి అనుమతి ఇవ్వకముందే చుట్టుపక్కల ప్రతి బోరునూ పరీక్షించి ఫలితాలు గ్రామసభలో చదవాలి. గని నడుస్తున్న చోట ఏటా రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, సంస్థతో సంబంధం లేని ల్యాబులో పరీక్ష చేయించాలి. ఫలితం తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించాలి. ఖర్చుకు దారి ఉంది. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. ఆ నిధుల్లో తాగునీటికి, ఆరోగ్యానికి, కాలుష్య నివారణకు ముందుపీట వేయాలని నిబంధనలే చెబుతున్నాయి. లెక్క పెరిగితే, తమవల్ల కాదని గనివాళ్లే రుజువు చేసుకోవాలి. అప్పటిదాకా పంట నష్టం కట్టాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఊరుకోవద్దు. బోరు పది నిమిషాలు వదిలాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. తేదీ, సర్వే నంబరు, బోరు లోతు రాసి పంచాయతీ కార్యదర్శితో సంతకం పెట్టించండి. యురేనియం, సోడియం, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ పేరుపేరునా అడగండి. అడగకపోతే మామూలు పరీక్షతో సరిపెడతారు. వచ్చిన కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో కలిపి దాచండి. ఒక నకలు సంఘానికి ఇవ్వండి.

నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. చెంచు పెంటల నుంచి పట్నాల దాకా జనం ఒక్క గొంతుతో అడిగారు కాబట్టే ఆ తీర్మానం వచ్చింది. మన ఊళ్లలోనూ అడగాలి. ఈసారి చేతిలో నీటి లెక్క పట్టుకుని అడుగుదాం.