పేరు ఎవరిది? మోసం ఎవరికి?

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషన్ నుంచి ఐఐటీకి వెళ్ళే దారిలో పూరీ గేట్ అనే చోటు ఉన్నది. పూరీ ఒడిశాలో ఉన్నది, గేటు పశ్చిమ బెంగాల్‌లో ఉన్నది. అయినా ఆ పేరు విని జగన్నాథుని దర్శనం కోసం అక్కడ దిగేవారెవరూ ఉండరు. ఒక ఊరి పేరు మరో ఊళ్ళో వినిపించినంత మాత్రాన అది మోసం కాదు. ఆ పేరు చూపి, ఆ ఊరి సరుకేనని నమ్మించి, ఎదుటివాని జేబులో చెయ్యి పెట్టినప్పుడే అది మోసమవుతుంది. మద్యం సీసాల మీది ఊళ్ళ పేర్లపై దేశదేశాల న్యాయస్థానాలలో దశాబ్దాలుగా సాగుతున్న వ్యాజ్యాల సారమంతా ఈ తేడాలోనే ఉన్నది. ఇటువంటి వివాదాలను పాఠంగా బోధించే రాజీవ్ గాంధీ మేధోసంపత్తి న్యాయ పాఠశాల కూడా ఆ ఐఐటీ ప్రాంగణంలోనే 2006లో వెలిసింది.

ఈ చర్చకు ఇప్పుడు సందర్భమున్నది. 2025 జూలై 24న భారత్, బ్రిటన్‌ల మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ విస్కీపై 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకం మొదట 75 శాతానికి, పదేళ్ళలో 40 శాతానికి తగ్గాలి. ధర ఎంత తగ్గుతుందన్న దానిపై మన దగ్గర చర్చ బాగానే జరిగింది. సీసా మీది పేరు ఎంతవరకు నిజమన్న దానిపై మాత్రం జరగలేదు. పేరు గురించి స్కాట్లాండు వారికి ఉన్న పట్టింపు మనకు ఎన్నడూ లేదు. స్కాట్లాండులోనే బట్టీ పట్టి, అక్కడే ఓక్ పీపాలలో కనీసం 3 ఏళ్ళు నిలవ ఉంచి, 40 శాతానికి తగ్గని ఆల్కహాలుతో సీసాకెక్కిస్తేనే అది స్కాచ్. ఆ నిర్వచనం కోసం వారి సంఘమైన స్కాచ్ విస్కీ అసోసియేషన్ ప్రపంచంలో ఏ మూలకైనా వెళ్ళి దావా వేస్తుంది.

మన దేశంలో ఆ సంఘం ఓడిన ప్రసిద్ధమైన దావా ‘పీటర్ స్కాట్’ది. బెంగళూరుకు చెందిన ఖోడే డిస్టిలరీస్ 1968 నుంచి ఆ పేరుతో విస్కీ అమ్ముతున్నది. తన తండ్రి స్కాట్లాండు వాడు కనుక, అన్వేషకుడు కెప్టెన్ స్కాట్, ఆయన కుమారుడు పీటర్ స్కాట్ కూడా మనసులో మెదిలారు కనుక ఆ పేరు సూచించానని అప్పట్లో ఆ కంపెనీలో పనిచేసిన ఉద్యోగి ప్రమాణపత్రం దాఖలు చేశాడు. రిజిస్ట్రారు, మద్రాసు హైకోర్టు స్కాట్లాండు వారికే అనుకూలంగా తీర్పిచ్చినా, 2008లో సుప్రీంకోర్టు దానిని తిరగరాసింది. ఆ పేరు సంగతి 1974లోనే తెలిసీ, 1986 దాకా ఊరకున్నవారికి ఇప్పుడు అడిగే హక్కు లేదన్నది.

ఆలస్యం గురించి న్యాయస్థానం చెప్పినది సమంజసమే. తీర్పులోని రెండో తర్కమే ఆలోచించవలసినది. స్కాచ్ కొనేవారు చదువుకున్నవారు, డబ్బున్నవారు, సరుకు ఎరిగినవారు. పల్లెటూరి నిరక్షరాస్యులైన పేదలు కొనే వస్తువుకు వర్తించే కొలమానం ఇక్కడ వర్తించదన్నది దాని భావం. అసలైన స్కాచ్ కొనేవాని విషయంలో ఇది నిజమే కావచ్చు. కానీ విదేశీ వాసన ఉన్న పేరు పెట్టుకున్న దేశవాళీ సీసాను కొనేదెవరు? వర్క్‌షాపులో పని ముగించుకొని వచ్చే కార్మికుడు, భవన నిర్మాణ కూలీ, లారీ డ్రైవరు. ఆ పేరు ఆశ పెట్టేదీ, మోసగించేదీ వీరినే. ఎరిగినవాని కళ్ళతో చీటీ చదివి, మోసం లేదని తేలిస్తే, ఎరుగనివాని పక్షాన మాట్లాడేదెవరు?

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిన ‘బ్లెండర్స్ ప్రైడ్’, ‘లండన్ ప్రైడ్’ల వివాదమూ ఇటువంటిదే. ‘ప్రైడ్’ అనే మాట ఎవరి సొత్తూ కాదని న్యాయస్థానం చెప్పింది. సబబే. అయితే ఇండోర్ విస్కీకి లండన్‌తో సంబంధమేమిటన్న ప్రశ్న ఆ కేసులో లేదు. రెండు కంపెనీలు తగవు పడ్డాయి, తీర్పు వచ్చింది. తాగేవాడు ఆ తగవులో కక్షిదారు కానే కాదు.

ఇతరుల పేరు వాడుకోవడమన్నది ఎల్లవేళలా దొంగతనమేనా? కాదు. కెనడాలోని కేప్ బ్రెటన్ దీవికి స్కాట్లాండు వలసదారులు తమ భాషనూ ఊళ్ళ పేర్లనూ వెంట తీసుకుపోయారు. అక్కడి ‘గ్లెన్ బ్రెటన్’ విస్కీపై అసోసియేషన్ వేసిన దావా 2009లో వీగిపోయింది. జర్మనీలో ‘గ్లెన్ బుకెన్‌బాక్’ మాత్రం ఓడింది. ఆ నేలకు ఆ మాటతో ఏ బంధమూ లేదు. ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడినవారు తమ పండుగలనూ వంటలనూ పేర్లనూ తెచ్చుకున్నారు. అది వారసత్వం. లాభం కోసం పరాయి ఊరి పరువును అతికించుకోవడం వేరు.

ఇక మన ప్రభుత్వాల సంగతి. ఈ దేశంలో అధికారికంగా చలామణీలో ఉన్న అతి పెద్ద తప్పుడు పేరు ఏ కంపెనీదీ కాదు, సర్కారుదే: ‘భారత్‌లో తయారైన విదేశీ మద్యం’. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కు రంగూ రుచీ కలిపి విస్కీ అనడం ఐరోపాలో చెల్లదు. అక్కడ ధాన్యం నుంచి తీస్తేనే విస్కీ. మన దగ్గర అది చెల్లడమే కాదు, ఖజానా దాని మీదనే నిలబడుతుంది. దూబగుంట మహిళల ఉద్యమ ఫలితంగా 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా పోయింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో పోయింది. మిగిలినదేమిటి? సారాకు ఉన్న స్వదేశీ పేరు పోయి, ‘విదేశీ’ అన్న పేరు నిలిచింది.

ఆ తరువాతి కథ తెలుగువారందరికీ తెలిసినదే. ‘ప్రెసిడెంట్ మెడల్’, ‘బూమ్ బూమ్’ వంటి పేర్లు ఎన్నికల సభల దాకా వచ్చాయి. అనుమతి మీరిచ్చారంటే మీరిచ్చారని రెండు పార్టీలూ తిట్టుకున్నాయి. సీసాలో ఏమున్నదో, ఎక్కడ తయారైనదో చీటీ మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో రాయించాలని పట్టుబట్టిన నాయకుడు కనబడలేదు. రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోనిది, ట్రేడ్‌మార్కు కేంద్ర జాబితాలోనిది. చీటీకి ఆమోదముద్ర వేసేది రాష్ట్ర ఎక్సైజు శాఖ, పేరుపై హక్కు ఇచ్చేది కేంద్ర రిజిస్ట్రీ. తాగేవాడు ఈ రెంటి నడుమ సందులో పడ్డాడు.

స్కాట్లాండు వారి వాదనను సమర్థించడమంటే వారికి దాసోహమనడం కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోసంపత్తి ఒప్పందంలో పెద్ద వివక్ష ఒకటి దాగి ఉన్నది. 23వ అధికరణం వైన్లకు, స్పిరిట్లకు ప్రత్యేక రక్షణ ఇస్తుంది: కొనేవాడు మోసపోయాడని రుజువు చేయనక్కరలేదు, ‘ఆ తరహా’ అని చేర్చినా చెల్లదు. తేయాకుకు, బియ్యానికి, మామిడికి 22వ అధికరణమే గతి. మోసం జరిగిందని నిరూపించుకోవాలి. ద్రాక్షసారాయానికి ఒక నీతి, డార్జిలింగ్ తేయాకుకు మరో నీతి. దోహా చర్చల నాటి నుంచి భారత్ దీనిని ప్రశ్నిస్తూనే ఉన్నా, ఫలితం శూన్యం. కోల్‌కతాలో ఒక హోటల్ తన లాంజికి ‘డార్జిలింగ్’ పేరు పెట్టుకుంటే, టీ బోర్డు వేసిన దావాను కలకత్తా హైకోర్టు 2019లో కొట్టివేసింది. బనగానపల్లె మామిడి, అరకు కాఫీ, తిరుపతి లడ్డు భౌగోళిక గుర్తింపు పొందినందుకు గర్వించాం గాని, ఆ పేర్లకు కాపలా కాసే సంఘాన్ని, ఖర్చును, ఓపికను సమకూర్చుకోలేదు.

కనుక ఢిల్లీ చేయవలసినది స్పష్టం. స్కాచ్ పేరును కాపాడతామని బ్రిటన్‌కు మాట ఇచ్చేటప్పుడు, డార్జిలింగుకూ అరకుకూ అదే స్థాయి రక్షణ అక్కడ అడిగి పుచ్చుకోవాలి. అంతకు ముందు ఇంట్లో శుద్ధి జరగాలి: సీసాలోనిది మడ్డి స్పిరిటో, ధాన్యపు స్పిరిటో, ఏ ఊరిలో తయారైనదో కొనేవాని భాషలో చెప్పితీరాలన్న నియమం రావాలి. ‘విదేశీ’ అన్న అబద్ధాన్ని సర్కారు తన దస్త్రాలలోంచి తానే కొట్టివేయాలి. తన కూలీని తానే మోసగించే రాజ్యం పరాయివాని దగ్గర నిజాయితీ అడిగితే, వినేవాడు నవ్వుతాడు.