హైడ్రోజన్ కారుకా, ఎరువు బస్తాకా?

హైడ్రోజన్ కార్లంటే పట్నం సంగతి, మనకెందుకని పేజీ తిప్పేయకండి. మీ యూరియా బస్తా సంగతి ఇందులోనే ఉంది.

ముందు కారు లెక్క చూద్దాం. బ్యాటరీ కారుకు కరెంటు నేరుగా ఎక్కిస్తారు, అది మోటారును తిప్పుతుంది. హైడ్రోజన్ కారుకైతే కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలి. దాన్ని గట్టి ఒత్తిడితో ట్యాంకులో కుక్కాలి. కారులోని ఫ్యూయల్ సెల్ దాన్ని మళ్లీ కరెంటుగా మార్చాలి. చివరికి తిరిగేది అదే మోటారు! ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది.

కిలో హైడ్రోజన్ తీయడానికే 50 నుంచి 55 యూనిట్లు కాలతాయి. దానితో కారు సుమారు 100 కిలోమీటర్లు పోతుంది. అవే యూనిట్లు బ్యాటరీకి ఎక్కిస్తే 300 కిలోమీటర్ల దాకా పోవచ్చు. గండ్లు పడ్డ కాలువలో నీళ్లు వదిలితే చివరి మడికి ఎన్ని చేరతాయో మీకు చెప్పాలా?

హైడ్రోజన్ అయిదు నిమిషాల్లో నిండుతుంది, నిజమే. అయినా జనం బ్యాటరీ వైపే మొగ్గారు. టయోటా కంపెనీ 2014లోనే మిరాయ్ అనే హైడ్రోజన్ కారు తెచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో షెల్ కంపెనీ కార్ల కోసం పెట్టిన హైడ్రోజన్ బంకులను 2024లో మూసేసింది.

మరి హైడ్రోజన్ పనికిరానిదా? కాదు. దాని చోటు ఎరువుల ఫ్యాక్టరీ. గాలిలోని నత్రజనికి హైడ్రోజన్ కలిపితే అమ్మోనియా, దాని నుంచి యూరియా. రామగుండంలో ఈ హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీస్తున్నారు. దేశం వాడే ఆ వాయువులో దాదాపు సగం దిగుమతే. 45 కిలోల యూరియా బస్తా తయారీకి నాలుగున్నర కిలోల హైడ్రోజన్ చాలు. మిరాయ్ ట్యాంకులో పట్టేది 5.6 కిలోలు. అంటే కారు ఒక్కసారి తాగేదానితో మీ బస్తా తయారై, ఇంకా మిగులుతుంది!

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం సొసైటీల ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టి కాచుకున్నారు. రామగుండంలో ఉత్పత్తి ఆగడం, దిగుమతి సరుకు ఆలస్యం కావడం అందుకు కారణాల్లో రెండు.

కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2025లో ఎరువుల ఫ్యాక్టరీలకు ఏటా 7.24 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా కోసం వేలాలు జరిపింది. ఇదీ సరైన దారి. అయితే రాత్రికి రాత్రి అయ్యే పని కాదు. యూరియాకు బొగ్గుపులుసు వాయువు కూడా కావాలి, అది ఇప్పుడు సహజవాయువు నుంచే వస్తోంది. అందుకని డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులతో మొదలుపెట్టడం సులువు. ఖర్చు ఎక్కువైతే ఆ భారం బస్తా మీద వేయకూడదు.

కార్లకు, ఆటోలకు బ్యాటరీ చాలు. హైడ్రోజన్ మీద పెట్టే ప్రతి రూపాయీ ముందు ఎరువుకు పోవాలి. ఈసారి మీ ఎంపీ ఊరికొస్తే దండ వేసే ముందు ఈ ఒక్క మాట అడగండి.