విద్వేషానికీ ఒక రిజిస్టరు ఉండాలి

2020 ఏప్రిల్‌లో మా కమలాపురంలో ఒక వీధివారు, ఏళ్లుగా తోపుడుబండిపై కూరగాయలు అమ్ముకునే ముస్లిం యువకుణ్ణి ఇక రావద్దన్నారు. కారణం అడిగితే ఒక పెద్దాయన ఫోను తీసి వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూపారు. అది ఎక్కడిదో, ఎప్పటిదో ఆయనకూ తెలియదు. జరుగుతున్నదేమిటో మనకు అర్థమవుతూనే ఉంది. కాగితంపై మాత్రం ఏ ఆధారమూ లేదు.

ఆ కాగితాన్ని ఇతరులు సిద్ధం చేశారు. అమెరికాలోని దళిత హక్కుల సంస్థ ఈక్వాలిటీ ల్యాబ్స్ ట్విట్టర్ సమాచారాన్ని విశ్లేషించింది. నిజాముద్దీన్ మర్కజ్ వార్తల నడుమ, మార్చి 28 నుంచి వారం తిరిగేలోపే ‘కరోనా జిహాద్’ అనే హ్యాష్‌ట్యాగ్ దాదాపు 3 లక్షల సార్లు కనిపించిందనీ, 16.5 కోట్ల మంది కంట పడి ఉండవచ్చనీ తేల్చింది. ‘టైమ్’ పత్రిక ఆ లెక్కను ప్రచురించింది. ‘ఎవరో ఆకతాయిల మాటలు, వదిలేయండి’ అనే వారికి అది జవాబైంది.

అయితే 16.5 కోట్లు చూసినవారి సంఖ్య కాదు, చూసి ఉండగలవారి సంఖ్య. ఈ తేడాను దాచి వేదికలెక్కి మాట్లాడితే మన మాటే తేలిపోతుంది. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి; కూడికలో ఒక్క తప్పు దొరికితే ఫైలంతా వెనక్కి వస్తుందని ఎరుగుదును.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లుందని అభిప్రాయపడింది. 2021 సెప్టెంబరు 2న, జమీయత్ ఉలమా-ఎ-హింద్ పిటిషన్‌పై విచారణలో నాటి భారత ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ, మీడియాలో ఒక వర్గం ప్రతిదానికీ మతం రంగు పులుముతోందని ఆక్షేపించారు. అప్పటికే మా తోపుడుబండి యువకుడు బండి అమ్ముకుని బెంగళూరు చేరాడు.

ఇప్పుడు అలా లెక్కించే దారులూ మూసుకుపోతున్నాయి. పరిశోధకులు ఉచితంగా సమాచారం పొందే మార్గాన్ని ట్విట్టర్ 2023లో మూసివేసి డబ్బు కట్టమంది. ఫేస్‌బుక్‌లో ఏ పోస్టు ఎంతగా వ్యాపిస్తోందో చూపే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా సంస్థ 2024 ఆగస్టులో నిలిపివేసింది. వాట్సాప్ సంగతి సరేసరి. ఆ వీడియో ఎన్ని ఫోన్లు తిరిగి మా ఊరు చేరిందో బయటివారెవరూ చెప్పలేరు. గ్రూపులో ఉన్న మనమే రాసుకోవాలి.

ఈ మాటే మసీదు కమిటీలో అన్నాను. తేదీ, సమయం, గ్రూపు పేరు, లింకు, పలుమార్లు ఫార్వర్డ్ అయిందని చెప్పే రెండు బాణాల గుర్తు ఉన్నదీ లేనిదీ, ఆ తర్వాత ఊళ్లో ఏం జరిగిందీ రాయాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, అసలు సందేశాన్ని ఫోనులో ఉంచాలి. కోర్టుకు వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అడుగుతారు. ‘డిలీట్ చేస్తే పోయేదానికి ఇంత రాతకోతలెందుకు చాచా?’ అని కుర్రాళ్లు నవ్వారు. డిగ్రీ చదివే ఇద్దరు మాత్రం ఆగారు. వారికొక లాంగ్ నోటుబుక్కు కొనిచ్చాను. గత నెల పదకొండు పద్దులు పడ్డాయి. అందులో మూడు మనవారు ఇతరుల మీద పంపుకొన్న అబద్ధాలు. కొట్టివేయబోతుంటే వద్దని, వాటినీ అలాగే ఉంచమన్నాను.